రుచి చూడని పులుసు

సోమవారం తెల్లారేసరికి బెజవాడలోని కాశీరావు ఇంట్లో నీళ్ల టిన్ను ఖాళీ అయిపోయింది.

చల్లపల్లి నుంచి వచ్చిన అల్లుడు మణికుమార్ లుంగీ ముడి వదులు చేసుకుని హాల్లో వెల్లకిలా పడి ఉన్నాడు. "మామయ్యగారూ, ఇంకో సోడా ఉందాండీ?" అన్నాడు లేవకుండానే.

కాశీరావు చేపల వ్యాపారి. మార్కెట్‌కి డుమ్మా కొట్టడమన్నది ఆయన ఎరగడు. ఇవాళ మాత్రం కదల్లేకపోయాడు. అయితే బరువంతా పొట్టలోనే లేదు.

నిన్న తండ్రి పేరున పెద్దలకు పెట్టుకున్నారు. ఏటా ఆ రోజు కొరమేను పులుసు తల్లి పెద్దింట్లమ్మే వండాలి. పెద్దలకు పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. పెట్టాక అంతా భోజనాలకు కూర్చున్నారు. మొదటి ముద్దకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, భక్తితో కాదు, ఉప్పుతో. పాపం, పెద్దావిడ చెయ్యి తప్పిందని ఎవరికి వారే అనుకున్నారు. "అమోఘం నాయనమ్మగారూ!" అంటూ మణికుమార్ మారు వడ్డించుకున్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోవడం చూసి మిగతావాళ్లూ పోటీపడి, ఆవిడకి చుక్కైనా మిగల్చకుండా గిన్నె ఊడ్చేశారు.

తప్పెవరిదో కాశీరావుకి ఆ ముద్దతోనే గుర్తొచ్చింది. ముందురోజు మార్కెట్లో ఐసు అయిపోతే, ముక్కలు పాడవకుండా రాళ్ల ఉప్పు గట్టిగా పట్టించి తెచ్చింది తనే. ఆ సంగతి తల్లికి చెప్పడం మరిచాడు. పాడైన చేపని మంచిదని ఏనాడూ అమ్మని మనిషి, తన తప్పుని తల్లి బుట్టలో వేసి ఊరుకున్నాడు.

భార్య గంగాదేవి గొంతు తగ్గించి, "అత్తయ్య ఇవాళ కూడా వండుతారట. రొయ్యలు తెమ్మంటున్నారు. ఇంక వద్దని మీరే చెప్పండి" అంది.

"నేనా?"

"నేనంటే కోడలు గరిట లాక్కుందంటారు."

అంతలో పెద్దింట్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఒరేయ్ కాశీ, నిన్న మధ్యాహ్నం దింపించిన టిన్ను. ఎవర్రా తాగింది?"

మణికుమార్ నోట్లోని సోడా గుటుక్కుమంది.

"పులుసు ఉప్పైందా?"

"అబ్బే, లేదమ్మా..."

ఆవిడ నడుముకు దోపిన కొంగు విప్పేసింది. "రుచి చూడకుండానే ఇన్నేళ్లూ సరిపోయింది. ఇక చెయ్యి పనికిరాదన్నమాట. గంగా, ఇవాల్టి నుంచి నువ్వే వండమ్మా." గరిట కోడలి చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

కాశీరావు పొట్ట పట్టుకుని లేచాడు. "అమ్మా! నీ చెయ్యి తప్పలేదే. ముక్కలకి ఉప్పు ముందే పట్టించింది నేను. చెప్పడం మరిచాను. గుర్తొచ్చాక సిగ్గేసి చెప్పలేదు."

"రాత్రంతా నేను అత్తయ్యని అంటుంటే ఊ కొడుతూ పడుకున్నారే, మీదేం గుండెండీ!" గంగాదేవి గరిట ఝళిపించింది.

"నేను మూడుసార్లు వేయించుకున్నాను మామయ్యగారూ!" మణికుమార్ మూలిగాడు.

పెద్దింట్లమ్మ కొడుకునే చూస్తూ నిలబడింది. "ఉప్పు తినడానికి ఓర్చుకున్నావు. ఒక్క మాట చెప్పడానికి ఓర్చుకోలేకపోయావుట్రా?"

గంగాదేవి గరిట తిరిగి అత్తగారి చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం పెద్దింట్లమ్మ రొయ్యల ఇగురు కాస్త చేతిలో వేసుకుని కొడుకు దగ్గరికి వచ్చింది. "ఇది పెద్దలకు కాదులే, రుచి చూడు. మెచ్చుకోకు. నిజం చెప్పు."

పొట్టలో చోటు లేకపోయినా నోట్లో వేసుకున్నాడు. ఉప్పు ఆవిడ భయపడుతూ వేసినట్టుంది.

"ఉప్పు చాల్లేదమ్మా."

"ఆఁ, ఇప్పుడు నమ్ముతాను" అంటూ చెమ్మగిల్లిన కళ్లు భుజానికి తుడుచుకుని, ఆవిడ ఉప్పు జాడీ కోసం వంటింట్లోకి నడిచింది.

"చూసి వెయ్యండి నాయనమ్మగారూ!" హాల్లోంచి మణికుమార్ కేక వేశాడు.