బంతి రాని వైపు

“నీ మెషీన్‌కి నేను కనపడనే లేదటగా?” అన్నాడు గోడ, తలుపు దగ్గరే నిలబడి.

ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆ డిఫెండర్‌ని అందరూ గోడ అనే పిలుస్తారు. మామూలుగా అయితే ఆ గదిలోకి వస్తూనే, ఇవాళ ఎవరి కొంప ముంచుతున్నారు మేడం, అని డేటా అనలిస్ట్‌ని ఏడిపించేవాడు. ఈసారి మునిగింది అతని కొంపే. సీజన్ అయిపోయింది, కాంట్రాక్ట్ పొడిగించలేదు.

ఆ మెషీన్ లెర్నింగ్ మోడల్‌ని తయారుచేసింది ఆమే. మ్యాచ్ వీడియోల్లో ఎవరు బంతిని ఎలా ఆడారో చూసి అది ఆటగాళ్లకు మార్కులు వేస్తుంది. గోడకి అందరికన్నా తక్కువ వేసింది. కోచ్ కళ్లు మూసుకుని నమ్మాడు. ఆమె కూడా నమ్మింది, అదీ ఖర్మ.

దూరంగా ఏదో చిన్న జట్టు రమ్మందని, బస్సుకి టైమైందని చెప్పి అతను వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మనసు ఊరుకోక ఆమె పాత మ్యాచ్ వీడియో పెట్టుకుంది. ఈసారి బంతిని వదిలేసి అతన్నే చూసింది. ఎదుటి జట్టువాళ్లు అటు రాబోయి, అతను నిలబడ్డ చోటు చూసి, ఇంకోవైపు తిరిగిపోతున్నారు. ఏ మ్యాచ్ పెట్టినా ఇదే తంతు. అటు బంతే రాదు. రాని బంతికి మార్కులెక్కణ్ణించి వస్తాయి? కాలికి బంతి తగిలితేనే ఆట అని మెషీన్‌కి నేర్పిన మహాతల్లి తనే కదా.

పరుగున వెళ్లి చెబితే కోచ్ తల పట్టుకున్నాడు. గోడ స్థానంలో ఇంకొకడితో పొద్దున్నే సంతకాలైపోయాయన్నాడు. ఇక చేసేదేమీ లేదు.

గోడ ఇంకా బస్టాప్‌లోనే ఉన్నాడు. వాన ఏటవాలుగా కొడుతోంది. ఆమె రొప్పుతూ వెళ్లి పక్కన నిలబడి అంతా చెప్పింది.

“ఇప్పుడు తెలిసి ఏం లాభం?” అన్నాడు మెల్లగా.

“ఏమీ లేదు. నేనూ ఆ మెషీన్‌లాగే ఉన్నాను. నువ్వున్నన్నాళ్లూ నా దాకా ఏ కష్టమూ రాలేదు. రాలేదు కదా అని నిన్ను పట్టించుకోలేదు. నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం.”

“ఆ మాట కోసమే రోజూ నీ గదికొచ్చేవాణ్ణి, పిచ్చిదానా.” నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “ఇప్పుడు వెళ్లకపోతే ఇక నాకు ఆట లేదు.”

బస్సొచ్చింది. అతను ఎక్కాడు.

బస్సు అలా కదిలిందో లేదో, వాన నేరుగా వచ్చి ఆమె మొహాన కొట్టింది. అంతసేపూ అతను ఏ వైపు నిలబడ్డాడో అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.