కాలు తీయమాక

పాత లారీ కొన్న ముచ్చట ఫ్రాన్సిస్‌కి మూడు వారాలైనా నిలవలేదు. వెనక ఎడమ చక్రం దగ్గర టక్... టక్... అని ఒకటే చప్పుడు. బేరింగులు రెండుసార్లు మార్చారు. మళ్లీ అదే గోల. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఎవరో కసిరినట్టు నోరు మూసుకుంటుంది.

చివరికి మాచర్లలో, సాగర్ రోడ్డు పక్కనున్న అలీ సాహెబ్ మెకానిక్ షెడ్డుకి తెచ్చాడు. అతనికి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆ పెద్దాయనే. తండ్రి పోయాక అన్నం పెట్టిందీ ఆయనే. లోకంలో అతనికి ఇంకెవరూ లేరు.

పొద్దు గూకుతోంది. షెడ్డు ముందు నేల రోడ్డు వైపు కాస్త వాలుగా ఉంటుంది. అలీ సాహెబ్ ముందు చక్రాలకు రెండు నాపరాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రాన్ని జాకీ మీద లేపాడు.

"హ్యాండ్‌బ్రేకు దించి కూర్చో. నేను తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు. తొక్కినప్పుడు లూజు పోయిందా, జబ్బు చక్రంలో ఉన్నట్టు. పోలేదా, ఇరుసులో ఉన్నట్టు."

"సరే బాబాయ్."

ఆయన లారీ వెనక్కి వెళ్లాడు. కాసేపటికి వెనక చక్రం ఊగింది. టక్... టక్...

"తొక్కు."

చప్పుడు ఆగింది.

"వదులు."

టక్...

"తొక్కు."

గ్రీజు వాసనలో తడిమట్టి వాసన కలిసింది. వాన పడి నాలుగు నెలలైంది.

"వదులు."

కాలు తీయబోతుంటే అలీ సాహెబ్ షెడ్డులోంచి టార్చి పట్టుకుని వచ్చాడు.

"ఏందిరా, ఊరికే తొక్కుతా వదులుతా ఉన్నావ్? నేను టార్చి కోసం పోయి చానాసేపైంది."

ఫ్రాన్సిస్ వేలితో లారీ కిందికి చూపించాడు. "కింద... నువ్వే కదా..."

"పిచ్చోడా. ఉండు, చూస్తా." ఆయన నవ్వుకుంటూ లారీ కిందికి దూరాడు.

"వద్దు బాబాయ్!" అంటూ దిగబోయి పక్క సీటు మీద చెయ్యి ఆనించాడు. చల్లగా, గరుగ్గా తగిలింది.

రెండు నాపరాళ్లు. ముందు చక్రాల కింద ఉండాల్సినవి.

అంటే ఇప్పుడు లారీని ఆపుతున్నది అతని కుడికాలు ఒక్కటే. హ్యాండ్‌బ్రేకు లాగాడు. పట్టులేకుండా ఊరికే వచ్చేసింది. గేరు వేసినా లాభం లేదు, ఒక చక్రం గాల్లో ఉంటే బండి నిలవదు. "బయటికి రా బాబాయ్!" అని అరిచాడు. ఆ అరుపు అతనికే వినపడలేదు.

కింద టార్చి ఆరిపోయింది.

"ఒరేయ్..." లారీ కిందినుంచి అలీ సాహెబ్ గొంతు. "కాలు తీయమాక. నా చెయ్యి... ఎవరో పట్టుకున్నారు."

రోడ్డు మీద ఒక్క బండీ లేదు. మోకాలు తిమ్మిరెక్కింది. ఫ్రాన్సిస్‌కి ఏడుపొచ్చింది. రెండు చేతులతో మోకాలిని అదిమిపట్టి, పసివాడిలా ఏడ్చాడు.

అప్పుడు పక్క సీటు మీంచి అదే అలీ సాహెబ్ గొంతు, ఒకప్పుడు డ్రైవింగు నేర్పినంత నెమ్మదిగా వినిపించింది.

"వదులు."

తడిగా, చల్లగా ఏవో వేళ్లు అతని పాదం కిందికి దూరి, మెల్లగా పైకి ఎత్తసాగాయి.

టక్...