బిర్సానగర్ వెనక సందు

"మీ కంప్యూటర్ అబద్ధం చెప్తందండీ," అంది ఆ అమ్మాయి.

అనురాగ్ కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. సోనారిలోని ఆ అద్దె ఇళ్ళ కంపెనీలో అతను చేరి కొద్ది నెలలే అయింది. ఈలోపే ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. ఇంటి నంబరు కొడితే చాలు, ఆ ఇంట్లోవాళ్ళు ఏ రిపేరు అడిగారో, ఎవరు వెళ్ళారో, పనైందో లేదో తెర మీద కనిపిస్తుంది. 2002లో అది చిన్న విషయం కాదు. శనివారం దాన్ని యజమాని సీతారామరావుకి చూపించాలి. ఆయనకి నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే పాత రిజిస్టర్లు తిరిగొస్తాయి, అనురాగ్ ఇంటికెళ్తాడు.

సరిగ్గా ఆ వారంలోనే, గొడుగులోని వాననంతా అతని టేబుల్ మీద కారుస్తూ ఈ అమ్మాయి దిగింది.

పేరు పద్మశ్రీ. ఉండేది బిర్సానగర్. అగ్రికోలో చిన్నపిల్లల స్కూల్లో టీచరు. ఆ సంగతి చెప్పకపోయినా తెలిసేది. హోంవర్క్ చెయ్యని పిల్లాణ్ణి చూసినట్టు చూస్తోంది.

అతను నంబరు కొట్టాడు. కప్పు కారుతోందని ఆమె ఇచ్చిన ఫిర్యాదు వచ్చింది. పక్కనే, ఆఫీసువాళ్ళు ఆమెకి ఫోన్లో చెప్పిన జవాబూ ఉంది: మేస్త్రీ వెళ్ళాడు, ఇంట్లో ఎవరూ లేరు, ఫిర్యాదు ముగిసింది.

ఎవరూ లేరట కదా అన్నాడు అనురాగ్, చాలా మర్యాదగా.

"మా మామ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులు, గుమ్మం దిగదు. ఆవిడ మంచం మీదే వాన పడతంది. ఎక్కడికెళ్ళిందో మీ కంప్యూటర్నే అడగండి."

నవ్వు ఆపుకుని, నేనే వచ్చి చూస్తానన్నాడు. ఆ సాయంత్రమే వానలో స్కూటరేసుకుని వెళ్ళాడు. నంబరు సరిచూసుకుని తలుపు కొట్టాడు. పిలిచాడు. మళ్ళీ కొట్టాడు. లోపల చీమ చిటుక్కుమనలేదు. తడిసి ముద్దయినా, గెలిచినవాడిలా తిరిగొచ్చాడు.

మర్నాడు పద్మశ్రీ రాగానే ఆ సంగతి చెప్పాడు. ఆమె కోప్పడలేదు. జాలిగా చూసింది.

"ఏ తలుపు కొట్టారు?"

"వీధి తలుపు. ఇంకేం తలుపుంటుంది?"

అప్పుడు నవ్వింది. అలా నవ్వితే ఎన్నిసార్లయినా ఓడిపోవచ్చని అనురాగ్‌కి అనిపించింది.

ఆమే దగ్గరుండి తీసుకెళ్ళింది. ఆ వరసలో వీధి గదులు మరీ చిన్నవి. వీధి తలుపుకి అడ్డంగా ఒకరు మంచం వేసుకున్నారు, ఒకరు బీరువా పెట్టుకున్నారు. రాకపోకలన్నీ వెనక సందులోంచి, వంటిళ్ళ మీదుగానే. ఆ సందులో కుక్కర్లు ఈలలు వేస్తున్నాయి, ఆడవాళ్ళు అరుగుల మీద ఆకుకూర వలుస్తున్నారు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

లోపల మంచం మీద మామ్మ నూకమ్మ, ఆవిడ కాళ్ళ దగ్గర వాన పట్టిన తపేలా.

"నిన్న ముందర తలుపు కొట్టింది నువ్వేటి నాయనా? మనోలెవులూ అటు రారు కదా. ఇంట్లో నానొక్కదాన్నే, దొంగోడనుకుని ఊపిరి బిగబట్టుకున్నాను," అంది ముసలావిడ.

ఆఫీసుకొచ్చి ఆ వరస నంబర్లన్నీ కొట్టాడు అనురాగ్. ప్రతి ఇంటికీ అదే జవాబు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఫిర్యాదు దానంతటదే ముగిసిపోవాలని ప్రోగ్రాంలో రాసింది తనే. ఇకమీదట అలా జరగకుండా మార్చడం గంట పని. కానీ ఇప్పటిదాకా జరిగింది యజమానికి చెప్పాలా? శనివారం సోనారి ఇళ్ళు మాత్రం చూపిస్తే గొడవే లేదు.

కప్పు సంగతి అడగడానికి ఆఫీసుకొచ్చిన పద్మశ్రీతో ఆ మాట అనేశాడు. ఆమె బతిమాలలేదు. "ఉద్యోగం మీది. కప్పు మాది. మీ ఇష్టం," అని వెళ్ళిపోయింది.

శనివారం స్కూలుకి సెలవు పెట్టి మరీ వచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. సీతారామరావు టీ కప్పుతో కూర్చున్నారు. అనురాగ్ ఆమె వైపు చూడకుండా ఆమె ఇంటి నంబరే కొట్టాడు. ఈ జవాబు తప్పని, ఆ తప్పు తనదేనని చెప్పి, సందు సంగతంతా వివరించాడు.

యజమాని టీ కప్పు కింద పెట్టారు. "అంటే నీ ప్రోగ్రాం పనికిరాదని నువ్వే చెప్తున్నావా?"

"పనికొస్తుంది సార్. వరసంతా ఒకే జవాబని రిజిస్టర్లలో ఎవరూ కనిపెట్టలేదు. ఇందులో కనబడింది. ఇకనుంచి ఇంట్లోవాళ్ళు అయిందంటేనే ఫిర్యాదు ముగుస్తుంది. అలా మార్చాను."

ఆయన ఆ వరస నంబర్లు ఒక్కొక్కటే కొట్టించి చూశారు. మేస్త్రీని పిలిచి, వెనక సందులోంచి వెళ్ళమని పంపించారు. సోమవారం వచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకోమని అనురాగ్‌కి చెప్పి, చల్లారిన టీ తాగేశారు.

కప్పు బాగయింది. ముగిసిందని పద్మశ్రీ నోటితో చెప్పాలి. ఫోన్ చేస్తే సరిపోయేది. అనురాగ్ స్కూటర్ తీశాడు. సందులో ఎవరో ఆకుకూర వలుస్తూనే "పద్మమ్మా, నీ కంప్యూటరొచ్చాడు," అని కేకేశారు.

ఆమె బియ్యం కడుగుతోంది. చుక్క కూడా పడట్లేదంది, మేస్త్రీ బాగా చేశాడంది.

"అయితే ముగిసిందని రాసుకోనా?"

"వద్దు."

"ఎందుకు?"

"ముగిసిపోతే మీరింక రారు కదేటి."

దారంతా వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నేనొచ్చేది కప్పు కోసం కాదు. మీ కోసం," అన్నాడు.

"తెలుసు. చెప్తారా లేదా అని చూస్తన్నాను."

"చెప్పేశాడు కదే," అంది లోపల్నించి నూకమ్మ. "నాయనా, ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తోలుకురా. ఈళ్ళ నాన్నతో నాను మాటాడతాను."

పద్మశ్రీ గిన్నెలో నీళ్ళు వంచేసి, అతని కళ్ళలోకి చూసింది.

"ఇప్పుడు రాసుకోండి," అంది.