ఎంత తోడుతుంది? ఎంత మేస్తుంది?

రేగడిపురం రాజ్యంలో ఒక ఉదయం సిరియేరు పాతాళానికి దిగిపోయింది. దాహమంటూ వచ్చిన రాక్షసిని కోట కాపలావాళ్లు గేలి చేసి తరిమినందుకు ఆమె పెట్టిన శాపం అది. "నీళ్లు కనిపిస్తాయి, చేతికందవు. ఒడ్డున ఒక్క చేను పండితేనే ఏరు పైకొస్తుంది!" అని చెప్పి ఆమె మాయమైంది.

మంత్రి అడవి దాటి వెళ్లి, యంత్రాలు చేసే గిరకభూతం దగ్గర్నుంచి బంగారు చక్రం తెచ్చాడు. అది ఒక్క తిప్పుకు చెరువంత నీరు తోడింది. జనం ఈలలు వేశారు. వెంటనే చక్రం నోరు తెరిచి ఒక గాదె ధాన్యం మింగింది. సాయంత్రానికి రాజ్యంలోని గాదెలన్నీ ఖాళీ! మేత లేక చక్రం ఆగింది. తోడిన నీరు నేల బీటల్లో ఇంకిపోయింది.

ఇక మిగిలింది ఏటి ఒడ్డున ఎడ్ల బేరగాడు కోటప్ప మడిలోని నారు ఒక్కటే. అది ఎండితే రాజ్యానికి విత్తనమే లేదు. కోటప్ప కూతురు చెంగావి తన తాగేనీళ్లు నారు మీద చిలకరించి, "నేను వెళ్తా నాన్నా" అంది. నలుగురిలో మాట్లాడాలంటేనే చెవులు ఎర్రబడే పిల్ల ఆమె.

"భూతం ముందు నీకు నోరు పెగులుద్దా అమ్మా?"

"నువ్వు ఎద్దును కొనేటప్పుడు అడిగేదే అడుగుతా. ఎంత దున్నుద్ది, ఎంత మేసుద్ది అని."

అడవిలో రెక్కల పులి ఎదురైంది. "ఒక్క దూకులో భూతముండే కొండమీద దింపుతా. కూలిగా నీ గొంతు ఇయ్యి. నువ్వెట్టాగూ మాట్లాడవుగా!"

చెంగావికి అది కారుచౌక అనిపించింది. తల ఊపబోయి ఆగింది. గొంతు పోతే భూతంతో బేరమాడేదెలా? "వద్దులే పులిమామా" అని ముందుకు నడిచింది. కొంతదూరంలో బండంత తాబేలు, "వీపు గీకితే పొద్దుగూకేలోపు దింపుతా" అంది. అన్నట్టే దింపింది. చెంగావి గోళ్లు మాత్రం అరిగాయి.

గిరకభూతానికి చేటలంత చెవులు. అయినా, "గట్టిగా మాట్లాడు పిల్లా!" అంటూ ఒక చెవి ఆమె నోటి దగ్గరికి వంచింది.

"ఏమీ మేయని యంత్రం ఉందా తాతా?"

"ఎందుకు లేదూ!" అని భూతం ఒక కొయ్యపిట్టను ఇచ్చింది. చెంగావి దాన్ని గుహ ముందున్న మొక్కల మీద పరీక్షించింది. పిట్ట ముక్కుతో ఒక్కో చుక్కా తెచ్చి పోసింది. రెండో మొక్క తడిసేసరికి మొదటిది వాడిపోయింది.

భూతం పొట్ట పట్టుకుని నవ్వింది. చెంగావి చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి నిదానంగా ఆలోచించి అంది, "చెరువంత నీళ్లు మాకెందుకు? మడికి పొద్దున ఒక తడి, సాయంత్రం ఒక తడి చాలు. ఆ పనికి సరిపోవాలి. మేం మేపగలగాలి."

భూతం నవ్వు ఆపి, మూలనుంచి రాగి ఎద్దును లాక్కొచ్చింది. "రోజుకు మోపెడు ఎండుగడ్డి. మడికి సరిపడా తోడుద్ది."

"కాలు విరిగితే?"

"మీ ఊరి కంచరి అతికిస్తాడు. బంగారు చక్రమైతే నా దగ్గరికే మోసుకు రావాలి."

"అయితే పళ్లు చూడనీ" అంటూ చెంగావి, ఎడ్ల సంతలో నాన్న చేసినట్టే, ఎద్దు మూతి తెరిచింది. భూతం తెల్లబోయింది. "నా యంత్రాలకు పళ్లు చూసినవాళ్లు ఇంతవరకూ లేరే!" అని మురిసిపోయి ఎద్దును ఊరికే ఇచ్చేసింది.

ఆమె తిరిగొచ్చేసరికి నారు పసుపుబారింది కానీ బతికే ఉంది. ఎద్దు నెమ్మదిగా, రోజూ తోడింది. యువరాజు రణధీరుడు తానే కొడవలి పట్టి దానికి గడ్డి కోశాడు. చేను పండింది. మొదటి గుప్పెడు కంకులు కోయగానే సిరియేరు హోరుమంటూ పైకి ఉబికింది!

రాజు సంతోషం పట్టలేక, "మా యువరాజును పెళ్లాడతావా తల్లీ?" అని నిండుసభలో అడిగాడు.

చెంగావి మొదటిసారి అందరికీ వినపడేలా అడిగింది, "ఏం పని చేస్తారు? ఎంత తింటారు?"

సభ గొల్లుమంది. రణధీరుడు కాయలు కాచిన చేతులు చూపించి, "పని ఇదిగో. తిండి మాత్రం కొంచెం ఎక్కువే" అన్నాడు. తర్వాత బుద్ధిగా నోరు తెరిచాడు. "పళ్లు కూడా చూసుకోండి."

కొన్నేళ్లకు, ఇద్దరూ పెద్దయ్యాక, రాగి ఎద్దు కొమ్ములకు పూలు చుట్టి పెళ్లి ఊరేగింపు తీశారు. ఆ విందులో గిరకభూతం ఎన్ని గంపల బూరెలు మేసిందో మాత్రం ఎవరూ అడగలేదు.