నోరెత్తని కోడలు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారికి ప్రాణం విసిగింది. పక్కింటివాళ్ళ పరదాలు మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యాలి. కోడలేమో సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది.

"ఇలా తేవే! నీ చేతిలో ఆ దారం ముసలిదైపోయేలా ఉంది. నా అరవయ్యేళ్ళ కళ్ళే నయం."

కోడలు నవ్వి సూది అందించింది. ఎనిమిది నిండి తొమ్మిదో నెల. ఉబ్బిన పాదాలు చెప్పుల్లో పట్టక మూడు రోజులుగా వట్టికాళ్ళతో తిరుగుతోంది. అయినా ఒక్క మూలుగు లేదు. అదే అత్తగారికి గర్వం. కొలతలివ్వడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ "మా కోడలు బంగారం, నోరెత్తదు" అని చెప్పందే టేపు కింద పెట్టేది కాదు.

వారం వారం వచ్చే కాన్పుల నర్సు పదింటికి సంచీతో వచ్చింది. కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది.

"తలనొప్పేమైనా ఉందా అమ్మా?"

"అబ్బే, ఏం లేదు" అంది అత్తగారు.

"కళ్ళు మసకలు?"

"శుభ్రంగా కనిపిస్తాయి."

"బిడ్డ కదులుతోందా?"

"లోపల బంతాట ఆడుతుంటేనూ!"

నర్సు కోడలి జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్ళీ చూసింది. ఆమె మొహం బిగుసుకుపోయింది.

"పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావా? నలుగుర్ని కన్నదాన్ని! నువ్వు పుట్టకముందే..."

"కన్నారు, కాదనను. ఈ కడుపు మాత్రం మీది కాదు. ఇన్ని వారాలూ అడిగింది ఆమెని, చెప్పింది మీరు. రాసుకుపోయిన నాదీ తప్పే. అమ్మా, ఈసారి నువ్వు చెప్పు."

కోడలు తల దించుకుంది.

"రెండు రోజులుగా తల పగిలిపోతోంది. పొద్దున సూదులు రెండు కనిపించాయి. ఏ బెజ్జంలో ఎక్కించాలో తెలియలేదు. నిన్నటి నుంచి బిడ్డ కదలడం తగ్గింది."

అత్తగారి చేతిలోంచి పరదా జారిపోయింది.

"నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

"నోరెత్తదని ఊరంతా చెప్పుకున్నారు కదత్తయ్యా. ఆ మంచిమాట పోగొట్టుకోవాలనిపించలేదు."

నర్సు కోడలి కడుపు మీద యంత్రం ఆనించింది. కాసేపటికి టకటకమని చిన్న చప్పుడు వినిపించింది.

"గుండె కొట్టుకుంటోంది. కానీ నీ బీపీ బాగా పెరిగింది, ఆలస్యం చెయ్యకూడదు, ఇప్పుడే ఆస్పత్రికి" అని నర్సు ఫోన్ తీసి అంబులెన్సుకు చెప్పింది.

అత్తగారు కోడలి పాదాల దగ్గర కూలబడింది. వేలితో నొక్కితే ఉబ్బులో గుంట పడి అలాగే ఉండిపోయింది. రోజూ చూసిన పాదాలే.

"నలుగుర్ని కన్నానే, పెంచింది ముగ్గుర్నే. మొదటిది ఆడపిల్ల. లోపల కదలడం మానేసిందని నాకు ముందే తెలుసు. చెబితే వంకలు వెతుకుతున్నానంటారని పళ్ళబిగువున ఊరుకున్నా. పిల్ల పోయాక అందరూ ఎంత ఓర్పో అని మెచ్చుకున్నారు. నాకు మిగిలింది ఆ మెప్పొక్కటే. అదే తెచ్చి నీ నెత్తినా పెట్టాను."

నలభయ్యేళ్ళుగా మొగుడికి కూడా చెప్పని మాట అది.

బయట బండి ఆగిన చప్పుడైంది. కోడలు లేవబోయి అత్తగారి భుజం గట్టిగా పట్టుకుంది.

"భయంగా ఉందత్తయ్యా."

ఏం కాదులే, ఓర్చుకో అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు దాన్ని మింగేసింది. కోడలి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"నాకూ భయంగానే ఉందే తల్లీ" అంది.