నాలుగో పాటకు ముందు దగ్గు

రికార్డు మొదటి వైపు ముగిసింది. సూది పట్టుకున్న ఆర్మ్ తనంతట తానే లేచి, వెనక్కి వెళ్లి, స్టాండ్ మీద వాలింది. ఆ మరుక్షణం మూడో అంతస్తు కిటికీలు వీధిలో పడ్డాయి.

చనిపోయినవాడు రిటైరైన గూఢచారి. ఉద్యోగమంతా శత్రువుల సంకేతాలు విప్పి విప్పి, ఇక పాత రాక్ రికార్డులు పోగేసుకుంటూ హాయిగా బతుకుదామనుకున్నాడు. హాయిగా బతకనిస్తే వాళ్లు శత్రువులెందుకవుతారు?

ఏజెంట్ కందిరీగ అతని అన్న కూతురు. తల్లీతండ్రీ లేని పిల్లను భుజాన వేసుకుని పెంచింది ఆ బాబాయే. కుట్టేదాకా వదలదంటూ ఆ కోడ్ నేమ్ పెట్టిందీ ఆయనే. అంత్యక్రియల్లో ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఎంత రాతిగుండె అని నలుగురూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె ఏడుపును దాచుకుంది, దాన్ని చంపినవాడి కళ్లలో చూడాలని.

చీఫ్ ఆమెను కేసు నుంచి తప్పించాలని చూశాడు. సొంత మనిషి పోయినప్పుడు చెయ్యి తిన్నగా ఉండదని నీతులు మొదలెట్టాడు. ఆమె ఆయన్ను పూర్తి చేయనివ్వకుండా ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది. అందులో సగం కాలిన రికార్డు ముక్క.

"లేబుల్ రంగు చూడండి."

"నీలం. అయితే?"

"బాబాయిది ఎర్ర లేబుల్. ఫస్ట్ ప్రెసింగ్."

సంగతి చెప్పింది. ఆ ఆల్బమ్ మొదటిసారి అచ్చువేసినప్పుడు, మొదటి వైపు ఆఖరిదైన నాలుగో పాట ముందు డ్రమ్మర్ దగ్గిన దగ్గు అలాగే ఉండిపోయింది. కంపెనీ నాలిక్కరుచుకుని కాపీలు వెనక్కి తెప్పించి, దగ్గు తీసేసి, నీలం లేబుల్‌తో మళ్లీ వేసింది. వెనక్కి రాకుండా మిగిలిపోయిన ఎర్ర లేబుళ్ల కోసం రికార్డులు పోగేసేవాళ్లు ఇల్లూ వాకిలీ తాకట్టు పెడతారు. దగ్గు కోసమండీ! మనింట్లో ఎవరైనా దగ్గితే కషాయం తాగమని కసురుకుంటాం.

"బాంబు పెట్టినవాడు ముందే రికార్డు మార్చేశాడు," అంది కందిరీగ. "మనిషిని పేల్చడానికి వాడికి చెయ్యి వణకలేదు. ఎర్ర లేబుల్‌ని పేల్చడానికి మాత్రం మనసొప్పలేదు."

ఇంకొకటి ఆమె గొంతు దాటలేదు. బాబాయి శరీరం కుర్చీలో దొరకలేదు, ప్లేయర్ పక్కన దొరికింది. దగ్గు వినపడకపోయేసరికి ఇది నా రికార్డు కాదే అనుకుంటూ లేచి దగ్గరకొచ్చి ఉంటాడు. ప్లేయర్ మీదికి వంగి ఉంటాడు.

రికార్డులంటే అంత పిచ్చి ఉన్న శత్రువు చీఫ్ ఫైళ్లలో ఒక్కడే. పేరు కాగితాల మీద లేదు, అందరూ 'క్యూరేటర్' అంటారు. పైకి ఒక విదేశీ సాంస్కృతిక సంస్థ డైరెక్టరు, లైబ్రరీలకు ప్లేయర్లు బహూకరించే ధర్మాత్ముడు. లోపల గూఢచారి ముఠాకు పెద్ద తలకాయ. మంత్రులతో కలిసి భోంచేస్తాడు.

"అతని మీద చెయ్యి వెయ్యాలంటే రెడ్ హ్యాండెడ్‌గా దొరకాలి. ప్రాణాలతో దొరకాలి," అన్నాడు చీఫ్.

"ప్రాణాలతోనే ఇస్తాను సార్. ఎంత మిగిలితే అంత."

క్యూరేటర్ ఇంట్లోకి దారి గాయని. నైట్ క్లబ్బులో పాడుతుంది, రెండు పక్షాలకూ కబుర్లు అమ్ముతుంది, నవ్విందంటే కాపలావాడు తాళంచెవి ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. బట్టల షాపు ట్రయల్ రూమ్‌లో ఆమెను పట్టుకుంది కందిరీగ.

గాయని ఏదీ దాచలేదు. అది ఉత్త దొంగతనమనే క్యూరేటర్ తనతో చెప్పాడట. రిపేరు నుంచి తిరిగొచ్చిన ప్లేయర్లో బాంబు ఉందని తనకు తెలియదట. "మీ బాబాయికి చూపు ఆనేది కాదు. నీలం లేబుల్‌ని నేనే ప్లేయర్ మీద పెట్టాను. థాంక్స్ తల్లీ అన్నాడు," అంది తల దించుకుని.

కందిరీగ ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. ఆ తర్వాత ఆమెకు పని చెప్పింది. చెంపదెబ్బ మాత్రం మిషన్ రిపోర్టులో లేదు.

గాయని ఇచ్చిన సమాచారం ఇది. వారం చివర్లో కొత్త మ్యూజిక్ లైబ్రరీ ప్రారంభోత్సవం. సరిహద్దు ఒప్పందం మీద అదే మధ్యాహ్నం సంతకం పెట్టబోయే విదేశాంగ కార్యదర్శి ముఖ్య అతిథి. క్యూరేటర్ బహూకరించే ప్లేయర్ మీద ఆ ఆల్బమ్ మొదటి వైపు వినిపిస్తారు. వైపు ముగిసి ఆర్మ్ స్టాండ్ మీద వాలగానే హాలు పేలిపోతుంది. మూడో పాటలో క్యూరేటర్‌కు ఫోనొస్తుంది, బయటికెళ్లిపోతాడు. సాయంత్రం విమానం.

ముందురోజే బాంబు స్క్వాడ్ ప్లేయర్ విప్పి పేలుడు మందు తీసేసింది. గాయని క్యూరేటర్ బీరువాలోంచి ఎర్ర లేబుల్ తెచ్చింది. నెరిసిన విగ్గు, తెల్ల గ్లవ్స్, కెమెరా ఉన్న కళ్లజోడు, చెవి దిద్దులో రేడియోతో కందిరీగ లైబ్రరీ టెక్నీషియన్ అయిపోయింది. అరెస్టుకు కోడ్ మాట: 'సైడ్ తిప్పండి'.

హాల్లో కుర్చీలన్నీ నిండాయి. కందిరీగ కవర్లోని నీలం లేబుల్‌ని తీసి పక్కన దాచి, బాబాయి రికార్డును అంచులు పట్టుకుని ప్లేయర్ మీద పెట్టింది. కార్యదర్శి సూది దించాడు. గిటార్ మోగింది.

రెండో పాటలో గాయని పూలగుచ్ఛం సర్దే వంకతో పక్కకొచ్చింది. పెదాలు కదపకుండా చెప్పింది: "పొద్దున ప్లేయర్ మార్చేశాడు. మీవాళ్లు విప్పింది వేరేది. ఇందులో బాంబు ఉంది."

బుద్ధున్న మనిషైతే అప్పుడే హాలు ఖాళీ చేయించాలి. కానీ చేయిస్తే ఏమవుతుంది? అయ్యో, నా కానుకలో ఎవరో పాపాత్ములు బాంబు పెట్టారని వాడు గుండెలు బాదుకుంటాడు, సాయంత్రం విమానమెక్కుతాడు. ఆమె ఒక్క పాట ఆగుదామనుకుంది. అది తప్పే. హాల్లో ఉన్నవాళ్లందరి ప్రాణాలూ ఆమె పగకు పూచీకత్తుగా పెట్టింది.

మూడో పాటలో ఫోనొచ్చింది. క్యూరేటర్ క్షమాపణగా చెయ్యి ఊపి, నవ్వుతూ నడిచి, తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. పాట ముగిసింది. హాలు నిశ్శబ్దంగా ఉంది.

స్పీకర్లలోంచి దగ్గు వినిపించింది.

క్యూరేటర్ నవ్వు మొహం మీదే ఆరిపోయింది. పిడి వదలకుండా వెనక్కి తిరిగి ప్లేయర్ వైపు చూశాడు. తలుపు తోస్తే చాలు, బతికిపోతాడు. తొయ్యలేదు. నాలుగో పాట నడుస్తూనే ఉంది. 'కదలరా,' అనుకుంది కందిరీగ. 'నా బాబాయి కోసం మనసు కదలనివాడివి, దీని కోసమైనా కదులు.'

చివరి చరణం వచ్చేసింది. ఇక లాభం లేదు, పగ చల్లారకపోయినా సరే, జనం బతకాలి. ఆమె ప్లేయర్ వైపు అడుగు వేసింది.

అప్పటికే అతను పరుగెత్తుతున్నాడు. కుర్చీలు తన్నుకుంటూ వచ్చి, ఆమెను పక్కకు తోసి, ఆర్మ్‌ను రికార్డు మీంచి ఎత్తి పట్టుకున్నాడు. పాట ఆగిపోయింది. హాలంతా అతన్నే చూస్తోంది.

"స్టాండ్ మీద పెట్టండి సార్," అంది కందిరీగ మర్యాదగా.

అతను పెట్టలేదు. చెయ్యి గాల్లో అలాగే ఉంది.

"చెయ్యి నొప్పెడుతుంది. పెట్టెయ్యండి. ఏమవుతుంది?"

అతని నుదుటి నుంచి చెమట కారింది. కార్యదర్శి అంగరక్షకులకు ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

"సైడ్ తిప్పండి," అంది కందిరీగ.

హాలు ఖాళీ అయింది. స్క్వాడ్ వచ్చి ప్లేయర్ కింద పని మొదలెట్టింది. ఆర్మ్‌ను వదిలితే అది తనంతట తానే స్టాండ్ మీద వాలుతుందని, అందరం పోతామని చెప్పారు. అందువల్ల క్యూరేటర్ చేతికి సంకెళ్లు కూడా వెయ్యలేదు, అవసరం లేకపోయింది. కందిరీగ విగ్గు తీసేసి, రికార్డును మెల్లగా పైకి తీసి, జేబులోంచి ఇంటి తాళంచెవి బయటపెట్టింది.

"వద్దు," అన్నాడు అతను. "ఇలాంటివి ప్రపంచంలో మూడే మిగిలాయి."

"మా బాబాయి ఒక్కడే ఉండేవాడు."

దగ్గు ఉన్నచోట తాళంచెవి ఆనించి, నొక్కి, నాలుగో పాట చివరిదాకా గీసింది. అతను వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు కోసమే ఇన్నాళ్లూ ఆమె తన ఏడుపు దాచుకుంది. బాబాయి ఉంటే ఈ పనికి ఆమెను చీల్చి చెండాడేవాడు. తిట్టడానికి ఆయన లేకపోవడమే కదా ఆమె బాధంతా. ఏడుపుకి అతని చెయ్యి వణికింది. కందిరీగ అతని మోచేతి కింద తన చెయ్యి ఆనించి, స్క్వాడ్ పని ముగిసేదాకా పట్టుకుని నిలబడింది. ప్రాణాలతో ఇస్తానని చీఫ్‌కి మాటిచ్చింది మరి.

సాక్ష్యం మీద గీత ఎలా పడిందని తర్వాత చీఫ్ అడిగాడు. పాత వస్తువులు సార్, నాజూకువి, అని ఊరుకుంది.

క్యూరేటర్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. సత్ప్రవర్తన గల ఖైదీలకు వారానికొకసారి సంగీతం వినిపిస్తారని తెలిసి, కందిరీగ అక్కడి లైబ్రరీకి ఆ ఆల్బమే కొని పంపింది. నీలం లేబుల్‌ది. మూడో పాట అయి నిశ్శబ్దం రాగానే, ఎవరూ అడక్కుండానే, అతనే దగ్గుతున్నాడట.