బకెట్టులో లోతు

డైవింగ్ వాచీని ఇంట్లో బాగుచేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మెత్తటి బ్రష్షు, గోరువెచ్చటి నీళ్ళు, కొత్త బ్యాటరీ, కొత్త రబ్బరు రింగు, కాస్త గ్రీజు, చివర్లో పరీక్షకి ఒక బకెట్టు నీళ్ళు. అంతే. రేవులో డైవర్లందరి వాచీలూ మా వరండాలో ఉన్న నా బల్ల మీదికే వస్తాయి. పేరుకి వాచీయే గానీ అది టైము చూసుకోవడానికి కాదు. ఎంత లోతులో ఉన్నామో, పైకి ఎంత మెల్లగా రావాలో చెబుతుంది. తొందరపడి పైకొస్తే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు వినని వాడి రక్తంలో బుడగలు పుడతాయి. మా తమ్ముడు అలాగే పోయాడు.

ఓడల అడుగున పట్టిన నాచు, గుల్లలు గోకే ముఠాకి మా ఆయన మేస్త్రీ. తనూ నీళ్ళలోకి దిగుతాడు. తమ్ముణ్ణి ఆ పనిలో పెట్టింది ఆయనే. వాడు గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. రేవులో అందరూ బక్కోడనే పిలిచేవాళ్ళు. వాడు పోయిన రోజు మా ఆయన శవం పక్కనే నిలబడి, "చేతికి వాచీ ఉంది, పైకి తెచ్చాక నేనే విప్పాను. అది అరవలేదు. దాన్ని బాగుచేసిందెవరో మీకు తెలుసుగా" అని చేతులు దులుపుకున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఆ వాచీకి రింగు మార్చింది నేనే.

మా దగ్గరే ఉంటున్న అమ్మ అప్పట్నుంచి నా చేతి అన్నం తినదు. తన గిన్నెలో తనే ఇంత వండుకుంటుంది. నాతో మాట్లాడాల్సొస్తే గోడకేసి చూస్తూ గాల్లోకి మాట్లాడుతుంది. మూడు నెలల నుంచి సొంత తల్లి దగ్గర తమ్ముణ్ణి చంపినదాన్నయి బతుకుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. వరండాలో అప్పుడే దీపం పెట్టాల్సినంత చీకటి. మా ఆయన ఒక రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పడేశాడు.

"సాయంత్రానికి కావాలి. నాది సముద్రం పాలైంది. ఇదేమో దానంతటదే వెలుగుతోంది, ఆరి చావట్లేదు. చూడు."

మూత తీసి చూస్తే తమ్ముడి వాచీ.

"ఇది వాడిదండీ..."

"వాడిదైతే పారేసుకుంటామా? ఈసారైనా సరిగ్గా చెయ్యి" అని గొడుగు తీసుకుని రేవుకి వెళ్ళిపోయాడు.

నా ఒళ్ళు మండింది. కానీ చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి.

వాచీ అంచున రెండు లోహపు చుక్కలుంటాయి. నీళ్ళు తగలగానే వాచీ మేలుకునేది వాటివల్లే. వాటి మధ్య ఉప్పు పేరుకుంటే పొడిగా ఉన్నా నీళ్ళలో ఉన్నాననుకుని వెలుగుతూనే ఉంటుంది. చాలామటుకు జబ్బు ఇదే. ఆ రెండు చుక్కల్నీ తడిబ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచాను. ఆరిపోయింది. ఇంతేనా అనుకున్నాను.

మళ్ళీ వెలిగింది.

ఇక వెనక మూత తీయక తప్పలేదు. మూడు నెలలుగా తెలుసుకోవాలనుకున్నదీ, తెలుసుకోడానికి భయపడ్డదీ ఆ మూత కిందే ఉంది. స్క్రూడ్రైవరు అందుకున్నాను. తీశాను. నా రింగు నేను పెట్టినచోటే ఉంది. గ్రీజు ఇంకా మెరుస్తోంది. లోపల చుక్క తడి లేదు, ఉప్పు రేణువు లేదు. అలారం నొక్కి చూశాను. చెవులు చిల్లులు పడేలా అరిచింది.

బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. నా పనిలో తప్పు లేదు. మరి వాడెందుకు వినలేదు?

కళ్ళు తుడుచుకుని పట్టీ వైపు చూశాను. తమ్ముడి మణికట్టుకి ఏ వాచీ పట్టీ సరిపోయేది కాదు. చివరి బెజ్జం కూడా వదులే. అందుకని కాల్చిన సూదితో నేనే ఇంకో బెజ్జం పొడిచిచ్చాను. "అక్కా, నా కోసం బెజ్జాలు పెట్టడం కాదు, నాకు కాస్త తిండి పెట్టు" అని నవ్వాడు. ఇప్పుడా పట్టీ నా బెజ్జానికి లేదు. అన్నిటికంటే వదులైన మొదటి బెజ్జానికి పెట్టి ఉంది. ఆ వంపులోనే సముద్రపు ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. బకిల్ విప్పకుండా, తడిచేతి మీంచి అలాగే జారుడుగా లాగేసి డబ్బాలో పడేశారన్నమాట. ఈ ఇంట్లో అంత లావు మణికట్టు ఒక్కరిదే.

ఆ రోజు వాచీ వాడి చేతికి లేదు.

ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు మనిషి అలవాటైన పనే చేస్తాడు. మూత బిగించి, బకెట్టులో నీళ్ళు పట్టి, వాచీని అందులో వదిలాను.

నీళ్ళు లేచాయి. గుప్పెట్లో పట్టే వస్తువుకి లేచినట్టు కాదు. భుజం దాకా ఎవరో చేయి ముంచినట్టు లేచి, అంచు పొర్లి నా పాదాల మీద పడ్డాయి. మంచులా ఉన్నాయి. పట్టీ వలయం లోపలివైపు సన్నటి బుడగలు వరసగా అంటుకుని ఉన్నాయి. నీళ్ళలో పెట్టిన చేతి నూగుకి అంటుకున్నట్టు... కానీ అక్కడ చేయి లేదు.

వాచీ లోతు చూపిస్తోంది. జానెడు బకెట్టులో, ఓడ అడుగంత లోతు.

గబుక్కున చేయి పెట్టి లాగబోయాను. కీచుమంది.

"అక్కా... మెల్లగా."

చెవి పక్కన కాదు. నీళ్ళలోంచి. నోరు నిండా నీళ్ళున్న గొంతు.

భయపడ్డానా? పడ్డాను. కానీ తమ్ముడు కదా. చేయి వదల్లేదు. వెంట్రుకవాసి చొప్పున పైకి తీశాను. అంకె తగ్గింది. వాచీ ఆగమంటే ఆగాను. భుజం పీకేస్తోంది. ఐనా ఆగాను. ఆ రోజు వాడికి దొరకని మెల్లదనమంతా ఇప్పుడు ఇస్తున్నాను. ఇంకాస్త... ఇంకొక్క కాస్త...

"అయిందా?"

వెనకనుంచి మా ఆయన. నేను నోరు తెరిచే లోపే బకెట్టులో చేయి పెట్టి వాచీని ఒక్క లాగు లాగాడు. అది వీధి దద్దరిల్లేలా అరిచింది. బకెట్టులో ఏదో విరిగిన చప్పుడు... తర్వాత ఏమీ లేదు. వాచీ బయటికొచ్చింది. నీళ్ళ మట్టం మాత్రం దిగలేదు.

"బాగానే అరుస్తోందే" అంటూ మణికట్టుకి బిగించుకున్నాడు. మరుక్షణం ముఖం మారింది.

"బిగుసుకుపోతోంది... తీయవే!"

చూశాను. బకిల్ ముల్లు నేను పొడిచిన బెజ్జంలో ఉంది. ఆయన మణికట్టుకి ఆ బెజ్జం అందనే అందదు. ఐనా అందులోనే ఉంది. వేళ్ళు నల్లబడుతున్నాయి. బల్ల మీది బ్లేడు అందుకున్నాను, కానీ కోయలేదు.

"ఆ రోజు ఇది ఎవరి చేతికుందో అమ్మకి చెప్పండి."

"పిచ్చి పట్టిందా? ముందు కొయ్యి!"

"చెప్పండి."

"అత్తయ్యా!" కేక పెట్టాడు. "వాచీ నా చేతికే ఉంది! ఆ రోజు నాది పనిచేయలేదు, వాడిది తీసుకున్నాను. నా పక్కనే ఉండరా అన్నాను, ఉండలేదు... చాలా? కొయ్యవే!"

పట్టీ కోశాను. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నది. నా వైపు చూస్తుందని, ఒక్కసారి చూస్తుందని నిలబడ్డాను. అమ్మ తిన్నగా ఆయన దగ్గరికెళ్ళి చేయి పట్టుకుంది.

"కందిపోయిందే బాబూ... కావాలని చేస్తారా ఎవరైనా? పోయినవాడు ఎలాగూ రాడు. దీనికే బుద్ధి లేదు" అంటూ తడిగుడ్డ చుట్టింది.

అల్లుడికి దొరికిన క్షమ నాకు తప్పు చేయకపోయినా దొరకలేదు. నవ్వొచ్చింది. ఏడుపుకి ఓపిక లేక.

"పట్టీ తడికి ముడుచుకుంది, అంతే" అన్నాడాయన, నాకంటే తనకే ఎక్కువ చెప్పుకుంటున్నట్టు. తమ్ముడు పోయాక రేవులో వాచీ లేకుండా ఎవర్నీ నీళ్ళలోకి దింపట్లేదు. కోసిన పట్టీని నల్ల టేపుతో మణికట్టుకి నాలుగు చుట్లు చుట్టుకుని, వానలో బయల్దేరాడు. ఆయన మెట్లు దిగుతుంటే బకెట్టులో నీళ్ళు దిగాయి. మెట్టుకింత చొప్పున. గేటు చప్పుడయ్యేసరికి బకెట్టు మామూలు బకెట్టే.

తమ్ముడు ఆయన వెంట వెళ్ళాడని నాకు తెలుసు. ఆయన్ని వెనక్కి పిలవలేదు. పిలిచి ఏమని చెప్పను?

వాన వెలిసింది. వీధి దీపాలు వెలిగాయి. లోపల్నించి అమ్మ గోడతో అంటోంది, "అల్లుడింకా రాలేదేం?" అని.

అప్పుడు పాదాలకి తడి తగిలింది. మంచులాంటి తడి. బకెట్టు పొర్లుతోంది.

"వచ్చావురా?" అని గొణుగుతూ మోకాళ్ళ మీద కూర్చుని చేయి ముంచాను. ఈసారి ఎవరూ లాగేయరు. ఈసారి పూర్తిగా పైకి తెస్తాను. చేయి అడుగుకి తగలాల్సినచోట తగల్లేదు. ఇంకా కిందికి... మోచేయి... భుజం... అక్కడెక్కడో కింద ఒక మణికట్టు దొరికింది. అది నా చేతిని గట్టిగా పట్టుకుంది.

అది సన్నగా లేదు.

నా వేళ్ళకి టేపు అంచు తగిలింది. నాలుగు చుట్లు. లోపల ఫోను మోగుతోంది. అమ్మ తీయమని గోడకి చెబుతోంది. కింది చేయి నా చేతిని వదలట్లేదు. పైకి లాగాలి, సరే. మెల్లగానా... ఒక్క లాగునా... ఇంకా తేల్చుకోలేదు.